స్టూడెంట్ టీచింగ్ మినహాయింపు తీసుకుంటున్న మా చిట్టికి

చిట్టీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతులో సంతోషం, టెన్షన్ రెండూ వినిపించాయి. స్పెషల్ ఎడ్యుకేషన్ క్లాసులో, ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో, నాలుగేళ్లు అసిస్టెంట్‌గా చేశావు. ఇప్పుడు అదే స్కూల్లో టీచర్ ఉద్యోగం ఇస్తామంటున్నారు, స్టూడెంట్ టీచింగ్, అంటే అనుభవమున్న టీచర్ పర్యవేక్షణలో క్లాసు చెప్పే శిక్షణ, విడిగా చెయ్యక్కర్లేదంటున్నారు. "తీసుకోనా పెద్దమ్మా?" అని అడిగావు. తీసుకో. అందులో నాకు సందేహం లేదు. ఎలా తీసుకోవాలో చెబుదామనే ఈ ఉత్తరం.

ముందు రూలు సంగతి. మన వర్జీనియాలో టీచర్ లైసెన్సుకి కనీసం 10 వారాలు ఫుల్‌టైమ్ స్టూడెంట్ టీచింగ్ చెయ్యాలి. దానికి బదులు, ఏ విభాగంలో లైసెన్సు అడుగుతున్నావో అందులోనే ఒక ఏడాది ఫుల్‌టైమ్ టీచరుగా బాగా పనిచేస్తే సరిపెట్టవచ్చని నిబంధనల్లోనే ఉంది. "సరిపెట్టవచ్చు" అనే ఉంది, తప్పకుండా సరిపెడతారని లేదు. పైగా అక్కడ రాసింది టీచరుగా చేసిన అనుభవం గురించి. అసిస్టెంట్‌గా చేసిన నాలుగేళ్లు ఆ లెక్కలో వేసుకుని ధీమాగా ఉండకు. స్టేట్ ఒప్పుకున్నా, నువ్వు కోర్సులు చేస్తున్న యూనివర్సిటీ తన ఇంటర్న్‌షిప్ తాను అడగవచ్చు. అడ్వైజర్‌నీ, కౌంటీ లైసెన్సింగ్ ఆఫీసునీ ఈమెయిల్లోనే అడుగు, వచ్చిన జవాబు దాచుకో. రేపు మీ ఆయనకి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వస్తే అక్కడివాళ్లు స్టూడెంట్ టీచింగ్ ఎక్కడ చేశావని అడగవచ్చు. ఏడాది చివర ప్రిన్సిపాల్ సంతకంతో అనుభవ పత్రం, నీ ఎవాల్యుయేషన్ కాపీలు తీసుకుని ఇంట్లో ఒక ఫైల్లో పెట్టు.

ఇది దొడ్డిదారి అని ఎవరైనా అంటే పట్టించుకోకు. ఇద్దరు పిల్లల డేకేర్ ఫీజు కడుతూ పది వారాలు జీతం లేకుండా పనిచెయ్యడం అందరికీ కుదిరే పని కాదు. ఆ నియమం వల్లే బంగారంలాంటి అసిస్టెంట్లు అసిస్టెంట్లుగానే ఉండిపోవడం నేను కళ్లారా చూశాను. పిల్లలకి అన్నం తినిపించి, డైపర్లు మార్చి, ఏడుస్తుంటే ఒళ్లో కూర్చోబెట్టుకున్నదానివి. నీకు క్లాసు కొత్త కాదు.

అయినా ఒకటి తక్కువవుతుంది. అదేమిటో నా సొంత అనుభవం చెబితే నీకు అర్థమవుతుంది. నేనూ ఇదే దారిలో వచ్చినదాన్నే కదా.

మొదటి ఏడాది నా క్లాసులో ఏడేళ్ల బాబు ఉండేవాడు. మాటలు లేవు. గోడకి బొమ్మల షెడ్యూల్ పెట్టాను, లామినేట్ చేసిన కార్డులు, వెనక వెల్క్రో. ఒక పని అయిపోగానే ఆ కార్డు పీకి తర్వాతి పని చూపించేదాన్ని. రోజూ ఆ సమయానికే వాడు నన్ను కొట్టేవాడు. పని మారడం ఇష్టం లేక కొడుతున్నాడనుకున్నాను. పుస్తకాల్లో చదివినవన్నీ చేశాను. ముందుగా చెప్పాను, టైమర్ పెట్టాను, బహుమతులు ఇచ్చాను. సెప్టెంబర్ పోయింది, అక్టోబర్ పోయింది. నవంబర్‌లో పక్క క్లాసు టీచరమ్మ, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి, తన ప్లానింగ్ పీరియడ్ వదులుకుని వచ్చి మూలన చిన్న కుర్చీలో ఇరవై నిమిషాలు కూర్చుంది. వెళ్తూ అంది, "కార్డు పీకినప్పుడు చర్రుమని చప్పుడొస్తోంది. అది వినగానే వాడి భుజాలు చెవులదాకా లేస్తున్నాయి. నువ్వు గోడవైపు తిరిగి ఉంటావు, నీకు కనిపించదు." ఆ సాయంత్రమే వెల్క్రో అంతా తీసేసి, కార్డులు జారవిడిచే గుడ్డ సంచులు కుట్టాను. మర్నాటినుంచి కొట్టడం తగ్గుతూ వచ్చింది, క్రిస్మస్ సెలవులకి దాదాపు ఆగిపోయింది.

రెండు నెలలు ఆ బిడ్డ భయపడుతూ కూర్చున్నాడు చిట్టీ. స్టూడెంట్ టీచింగ్‌లో అయితే నా వెనక ఒక మనిషి ఉండేది, ఆ సంగతి మొదటి వారమే చెప్పేది. నీకు తక్కువయ్యేది అదే. ఆ మనిషిని నువ్వే ఏర్పాటు చేసుకోవాలి.

అడగడానికి మొహమాటపడకు, అది నీ హక్కు. ఫెడరల్ చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం, పూర్తి లైసెన్సు రాకముందే ఇలా ప్రత్యామ్నాయ మార్గంలో స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరుగా చేరినవాళ్లకి గట్టి పర్యవేక్షణో, మెంటారో ఉండి తీరాలి. అలా పనిచెయ్యడానికి గడువు మూడేళ్లే. కాబట్టి ఇంటర్వ్యూలోనే అడుగు: నా మెంటార్ ఎవరు, ఇదే బిల్డింగ్‌లో ఉంటారా, స్పెషల్ ఎడ్యుకేషన్ లైసెన్సు ఉందా, వారానికి ఎంతసేపు నా క్లాసులో కూర్చుంటారు? "మా టీమ్ చాలా సపోర్టివ్" అని ఊరుకుంటే మళ్లీ అడుగు. నా కేస్‌లోడ్‌లో ఎంతమంది పిల్లలుంటారో కూడా అడుగు.

సమ్మర్‌లో ఎక్స్‌టెండెడ్ స్కూల్ ఇయర్ పని, అంటే ఈ పిల్లలకి సెలవుల్లో కూడా నడిపే క్లాసుల్లో పని, దొరికితే వదలకు. బాగా చేసే టీచర్ దగ్గర నాలుగు వారాలున్నా నీకు అది చిన్న స్టూడెంట్ టీచింగ్ లాంటిదే, జీతం కూడా వస్తుంది.

అసిస్టెంట్‌గా నువ్వు చూడనిది ఐఈపీ, అంటే ఒక్కో బిడ్డకి విడిగా తయారుచేసే చదువు ప్రణాళిక, రాయడం. నేను మొదట్లో "చదవడంలో మెరుగుపడతాడు" అని లక్ష్యం రాశాను. మీటింగ్‌లో ఒక తల్లి, నైట్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చినావిడ, కాగితం చూస్తూ "మెరుగుపడ్డాడని మీకెలా తెలుస్తుంది?" అని నెమ్మదిగా అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఎంత చదవగలుగుతున్నాడు, ఏడాదికి ఎంతకి రావాలి, ఎలా కొలుస్తాం, ఈ మూడూ లేకుండా లక్ష్యం రాయకు. మన రాష్ట్రంలో ఐఈపీలో మార్పు చెయ్యాలన్నా తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. నీ మొదటి మూడు ఐఈపీలు మీటింగ్‌కి వారం ముందే మెంటార్‌కి చూపించు. పిల్లల పేర్లున్న కాగితాలు మాత్రం నాకు పంపకు, అవి స్కూలు దాటి బయటకి రాకూడదు.

లైసెన్సుకి కావలసిన సీపీఆర్, డిస్లెక్సియా (చదవడంలో వచ్చే ఇబ్బంది) ట్రైనింగ్, చైల్డ్ అబ్యూజ్ ట్రైనింగ్ ఈ నెలలోనే పూర్తి చేసెయ్. ప్రొవిజనల్ లైసెన్సు, అంటే పూర్తి లైసెన్సు వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక లైసెన్సు, కాగితాలు నిన్ను తీసుకునే కౌంటీ ద్వారానే వెళ్తాయి, కాబట్టి ఆఫర్ వచ్చేదాకా దాని గురించి కంగారుపడకు.

ఆఫర్ లెటర్ రాగానే, సంతకం పెట్టకముందే ఫోన్ చెయ్. మెంటార్ సంగతి అందులో రాశారో లేదో ఇద్దరం కలిసి చూద్దాం. రాయకపోతే ఆ వాక్యం చేర్చమని అడుగుతూ ఈమెయిల్ ఎలా రాయాలో నేను చెబుతాను.

నీ పెద్దమ్మ