రాయి అడుగున ఉన్న వరస

పశ్చిమ మాంబళం, చెన్నై

చిరంజీవికి,

నీ కథ నిన్న రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంగా చదివాను. నందంబాక్కం యుద్ధ శ్మశానానికి వెళ్ళావు. ఇంగ్లండులో ఏదో పల్లె చర్చి నీడన పెరిగిన ఇరవై ఏళ్ళ కుర్రాడి సమాధి ముందు నిలబడ్డావు. రాసిందేమిటి? ‘అమరుడు’, ‘వీరమరణం’, ‘రక్తతర్పణం’. మూడు పేజీల్లో పదకొండు చోట్ల! వాడు పొద్దున్నే లేచి ఏం పని చేసేవాడో ఒక్కచోటా లేదు. తోటమాలి నీళ్ళ ట్యూబును ఆ రాయి దగ్గర్నుంచి పక్క రాయి దగ్గరికి లాగాడన్నావు చూడు, ఆ వాక్యం నీది. తక్కినవి ఎవరివో.

రెండో ప్రపంచ యుద్ధం నాటి సమాధులు అక్కడ 856. దక్షిణాదిన, తూర్పున చెదిరి ఉన్నవాటిని ఒకచోటికి చేర్చారు. నువ్వు పేరు, రెజిమెంటు, తేదీ రాసుకున్నావు. అడుగున ఇంటివాళ్ళు చెక్కించిన వరస ఉందో లేదో కూడా చూడలేదు. మొదటి యుద్ధంలో శవాలను ఇంటికి తీసుకెళ్ళనివ్వలేదు, 1915లోనే నిషేధం పెట్టారు. అందుకే ఇంగ్లండు పల్లెలు తమ చర్చిల్లో పేర్లు చెక్కుకున్నాయి. దూరదేశంలోని రాయి మీద ఇంటివాళ్ళ మాటకు ఖాళీలతో కలిపి 66 అక్షరాలే హద్దు. అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగారు, ఆ తర్వాత ఇష్టమైతేనే ఇమ్మన్నారు. ఇంటి మాట చెక్కించే పద్ధతి నీ కుర్రాడి యుద్ధానికీ సాగింది. ఒక తల్లి వేళ్ళు మడిచి అక్షరాలు లెక్కపెట్టుకుంటూ కొడుక్కి ఏ మాట ఉంచాలా, ఏది తీసెయ్యాలా అని కూర్చుంది. నీ కథ అక్కడుంది.

మనవాళ్ళకు పేరు కూడా దక్కని చోట్లున్నాయి. ఇరాక్‌లోని బస్రాలో మొదటి యుద్ధపు స్మారకం మీద మన అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలను అంకెల్లో వేశారు.

మా అమ్మమ్మ తమ్ముడు బర్మాలో పోయాడు. నెల్లూరు వైపు పల్లె. పటాలంలో చేరేముందు అద్దె సైకిలు తొక్కి, బాడుగ బాకీ పెట్టి వెళ్ళాడు. చావు కాగితం వచ్చాక వాళ్ళమ్మ సంతకు వెళ్ళినప్పుడల్లా అణా, రెండణాలు ఆ కొట్లో ఇచ్చి వచ్చేదట. కొట్టతను వద్దన్నా వినలేదు. ‘వాడి బాకీ వాడి మీద ఉండకూడదు’ అనేదట. ఇది కథగా రాస్తే ఒక వారపత్రిక సంపాదకుడు సైకిలు బాకీ మొత్తం కొట్టేశాడు, గాంభీర్యం తగ్గుతుందని. ‘చచ్చిపోయాడు’ అన్నచోట ‘వీరస్వర్గం అలంకరించాడు’ అని వేశాడు. నలభై ఏళ్ళయింది. ఆ సంచిక నేటికీ ఇంట్లో పెట్టుకోలేదు. ఇప్పటివాళ్ళు చివర్లో మెలిక కావాలంటున్నారు. కొడుకు పోయిన ఇంట్లో మెలికేమిటి? నువ్వు మాత్రం వాళ్ళ మాట వినకు. చావుకి ఒక్క వాక్యం చాలు. మిగతా కాగితమంతా వాడు బతికిన ఇంటికివ్వు, ఊరికివ్వు, వాడు తీర్చని బాకీలకివ్వు.

పోటీకి పంపాలా అని అడిగావు. ఆ సంగతి తర్వాత.

ఆదివారం ఎండ తగ్గాక నందంబాక్కం వెళ్దాం, నేనూ వస్తాను. పెన్సిలు తెచ్చుకో. ఆ వరస నేలకు దగ్గరగా ఉంటుంది, నా మోకాళ్ళు వంగవు. నువ్వే కూర్చుని చదివి చెప్పాలి.

ఆశీస్సులతో,
మాస్టారు