మౌస్ బీరువాలో పెడితే చదువు బాగుపడదు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి రాశారు: ‘మాస్టారూ, మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ రెండో ఏడు. లెక్కల్లో బాగుండేది. ఆర్నెల్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని, మన ఊరి చుట్టుపక్కల పాటల మీద పిల్లలకోసం ఏదో మ్యాగజైన్ తయారు చేస్తోంది. ఇంజినీరింగ్ వద్దు, డిజైన్ చదువుతానంటోంది. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు యూఐ యూఎక్స్, అంటే యాప్‌లు, వెబ్‌సైట్ల స్క్రీన్లు డిజైన్ చేసే డిగ్రీలో సీటిస్తామన్నారు, నాలుగేళ్లకి 14 లక్షలు. బీటెక్ మంచిదా, డిజైన్ మంచిదా? ఏఐ వచ్చాక ఈ పనులుంటాయా? మొన్న కోపమొచ్చి మౌస్ తీసి బీరువాలో పెట్టాను. తను చేసిన పీడీఎఫ్ పంపుతున్నాను, చూసి చెప్పండి.’

ముందు ఆ మౌస్ తీసి ఇచ్చెయ్యండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఏది మంచిదని అడిగారు గానీ, మీ బాధ అది కాదనుకుంటాను. పెళ్లిలోనో పేరంటంలోనో ‘అమ్మాయి ఏం చదువుతోంది’ అని ఎవరైనా అడిగితే, బీటెక్ అన్న ఒక్క మాటతో సరిపోతుంది. డిజైన్ అంటే ‘అంటే ఏంటి, ఫ్లెక్సీలా?’ అంటారు. దానికి మీ దగ్గర జవాబు లేదు. ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి. ఒకప్పుడు ‘యానిమేషన్’ అని ఉండేది, ఇప్పుడు ‘యూఐ యూఎక్స్’ అని ఉంటుంది, భయం మాత్రం అదే.

మీరు పంపిన పీడీఎఫ్ రెండుసార్లు చూశాను. తప్పులున్నాయి. 14 పేజీలు చేసింది. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకం నాలుగు పేజీల లెక్కన పెరుగుతుంది, 12 అయినా ఉండాలి, 16 అయినా ఉండాలి. ప్రెస్సువాడు మొదట అడిగేది అదే. హెడ్డింగుల్లో పై లైనులో ఉన్న వత్తులు కింద లైను గుడులకి తగులుతున్నాయి. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ల దూరం తెలుగుకి చాలదు, పెంచమనండి. 11వ పేజీలో సినిమా పాట మొత్తం అచ్చువేసింది, అది తీసెయ్యాలి. రాసినవాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది.

ఇప్పుడు ఆరో పేజీ చూడండి. మీరు చూసి ఉండరు, చూస్తే నాకిలా రాయరు. జముకు అనే తీగ వాయిద్యం వాయించే పెద్దాయన గురించి రాసింది. మనమైతే ఆయన ముఖం పెద్దగా వేస్తాం. తను ముఖం వెయ్యలేదు, తీగ పట్టుకున్న చెయ్యి ఒక్కటే పేజీ నిండా వేసింది. కింద ఆయన పాడిన నాలుగు లైన్లు. ఒక్కో లైను తెలుగులో, దాని కిందే అదే లైను ఒడియా అక్షరాల్లో. ఎందుకో తెలుసా? మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. పాట నోటికొస్తుంది, తెలుగులో చదవమంటే నీళ్లు నములుతారు. తన క్లాసు పిల్లలు చదవలేరని తెలిసి, అనువాదం చెయ్యకుండా లిపి మార్చింది. ఇది ఏ సాఫ్ట్‌వేర్ కోర్సులోనూ రాదండీ. మీ ఊళ్లోనే 1880లో బడిపంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు కూడా ఎదుటి పిల్లవాడికి ఏ భాష అర్థమవుతుందన్న దగ్గరే మొదలుపెట్టారు. అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్నది అందుకే. అన్నట్టు, మీ అమ్మాయి హెడ్డింగులకు వాడిన ఉచిత ఫాంటు పేరు ‘గిడుగు’. తెలిసి వాడిందో, చూడ్డానికి బాగుందని వాడిందో ఒకసారి అడగండి.

ఇక ఆ 14 లక్షల సీటు. ఇక్కడ నాకు చాలా అనుమానాలున్నాయి. స్క్రీన్ డిజైన్ చెడ్డ పని అని కాదు, ఉద్యోగాలున్నాయి. కానీ మొదటి ఏడు నేర్పిన టూల్ నాలుగో ఏటికి పాతబడుతుంది. అలాంటి చోట చదివిన ఒక కుర్రాడు కిందటేడు నా దగ్గరికి వచ్చాడు. పోర్ట్‌ఫోలియోలో ఫుడ్ డెలివరీ యాప్ ఒకటి పెట్టాడు, చాలా నీట్‌గా ఉంది. వాడి క్లాసులో ముప్పై మందీ అదే యాప్ చేశారట! ఉద్యోగమిచ్చేవాడు వీళ్లలో ఎవరిని పిలవాలి? కాలేజీకి వెళ్తే బ్రోషర్ పక్కన పెట్టి, రెండో ఏడు పిల్లలు చేసిన పనులు చూపించమనండి. పాఠం చెప్పేవాళ్లు బయట ఏం చేశారో అడగండి. తెలుగైనా ఒడియా అయినా అక్షరాల గురించి ఎవరైనా నేర్పుతారా అని అడగండి. నసిగితే లేచి వచ్చెయ్యండి. అప్పు చేసి మాత్రం ఆ సీటు కొనొద్దు.

ఏఐ సంగతి. పెళ్లి కార్డు, షాపు పోస్టరు, చిన్నాచితకా లోగో, వీటికి డబ్బులు తగ్గాయి, ఇంకా తగ్గుతాయి. తెలుగు అక్షరాలు అది సరిగ్గా వెయ్యలేదని కొందరు ధీమాగా ఉంటారు. ఇవాళ తప్పులు వేసినా రేపు సరిగ్గా వేస్తుంది, ఆ ధీమాని నమ్ముకోవద్దు. కానీ ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి, గుమ్మంలో కూర్చుని, పాట అడిగి రాసుకొచ్చింది మీ అమ్మాయి. ఆ పని ఇంకెవరూ చేసిపెట్టరు.

పోలిక చెప్పమన్నారు కదా. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) పరీక్షకి, ఐఐటీల్లాంటి చోట్ల డిజైన్ డిగ్రీకి పెట్టే యూసీడ్ పరీక్షకి ప్లస్ టూలో ఏ గ్రూపైనా పరవాలేదు. సైన్స్ చదివింది వృథా కాదు. ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ క్యాంపస్‌లో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది. ప్రవేశం దేశం మొత్తానికి కాబట్టి అక్కడ మీకు లోకల్, నాన్‌లోకల్ గొడవ లేదు. ఇంటికి దగ్గరగా కావాలంటే పక్కనున్న గంజాం జిల్లాలో, ఖల్లికోటలో ప్రభుత్వ ఆర్ట్ కాలేజీ ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. అక్కడ స్థానికత నిబంధనలు ముందే చూసుకోండి. ఇవేవీ కుదరక బీటెక్‌లో చేరినా కొంప మునగదు. డిగ్రీ అయ్యాక సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎం.డిజైన్‌కి వెళ్లొచ్చు. అలా వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. అంటే ఈ ఏడాదే తేల్చేసుకోవాలన్న టెన్షన్ మీకు అక్కర్లేదు.

బోర్డు పరీక్షలు అయ్యాక మీ ఊళ్లోనో, పాతపట్నంలోనో ఒక డీటీపీ సెంటర్లో పది రోజులు కూర్చోబెట్టండి. నామోషీ అనుకోవద్దు. ఫ్లెక్సీ షాపు కుర్రాడికి కాగితం, రంగు, డీటీపీలో వాడే పాత అనూ తెలుగు ఫాంట్ల గొడవ కాలేజీ లెక్చరర్ కంటే బాగా తెలుసు. స్క్రీన్ మీద మెరిసే నీలం రంగు కాగితం మీద ఎందుకు చచ్చిపోతుందో అక్కడ కళ్లారా చూస్తుంది. తర్వాత 16 పేజీలు చేసి, లోపల నలుపు తెలుపులో యాభై కాపీలు వేయించండి. ఆ ఖర్చు మీరు పెట్టుకోండి, అడ్మిషన్ ఫీజు ముందు అదెంత? ముందు ముందు నెలనెలా అమ్మే పత్రికగా నడపాలనుకుంటే 2023 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం కింద పేరు రిజిస్టర్ చేయించాలి, ఇప్పుడు ఆ ఆలోచన వద్దు. రెండో సంచిక ఎవరూ చెప్పకుండా తనే మొదలుపెడుతుందో లేదో చూడండి. మొదలుపెడితే ఎన్ఐడీ దరఖాస్తు గురించి నాకు మళ్లీ రాయండి.

మొదటి కాపీ ఆ జముకు పెద్దాయనకి ఇవ్వాలి. రెండోది నాకు పంపమనండి. ధర ఎంతో వేసి పంపాలి, ఉత్తినే తీసుకోను.