అమ్మాయి జియాలజీ అంటోంది, పంపాలా?

పెద్దవూర మండలం నుంచి ఒక రైతు రాశారు: "మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. అందరూ ఇంజినీరింగ్ అంటుంటే తను జియాలజీ చదువుతానంటోంది. ఊళ్లో ఎక్కడ బోరు వేసినా పోయి, పడ్డ రాతిపొడిని కవర్లలో పట్టుకొచ్చి, ఎన్ని అడుగులకు వచ్చిందో రాసి పెడుతుంది. రేపు లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వడానికి మా పిల్లే దారి చూపించినట్టు కాదా?"

అన్నా, ముందు ఆ కవర్లు ఎవరూ పారేయకుండా చూడండి. జియాలజిస్టులు చేసేది అచ్చం అదే పని. ఎవరూ నేర్పకుండానే వచ్చింది ఆ పిల్లకు. జియాలజీకే పంపండి.

మీ భయంలో న్యాయముంది. గ్రానైటుకు, ఇసుకకు రూల్స్ పెట్టేది రాష్ట్రం. వాడపల్లి, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే సున్నపురాయి రాయల్టీ రాష్ట్రానికే వస్తుంది గానీ, 1957 నాటి గనుల చట్టం కింద ఆ రేటు ఖరారు చేసేది ఢిల్లీ. యురేనియం మీద అధికారం కేంద్రానిదే. నల్లమలలో తవ్వొద్దని మన అసెంబ్లీ 2019 సెప్టెంబర్‌లో తీర్మానం చేసింది, కానీ తీర్మానంతో చట్టం మారదు. ఖనిజాలపై పన్ను వేసే హక్కు రాష్ట్రాలకు ఉందా లేదా అన్నది కూడా 2024 జూలైలో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్ చెప్పేదాకా తేలలేదు.

ఇన్ని పేచీల మధ్య మన ఊళ్ల తరఫున రాయి గురించి, నీళ్ల గురించి తెలిసి మాట్లాడేవాళ్లు చాలా తక్కువ. సాగర్ పక్కన తవ్వితే నీళ్లేమవుతాయని నిలదీయాలన్నా, కంపెనీ రిపోర్టులో తప్పు పట్టాలన్నా ఆ చదువే కావాలి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ బాధ మీకు తెలిసిందే. అదీ గ్రానైటు రాళ్లలోంచి బోరు నీళ్లలోకి దిగిందే.

జియాలజీ ఉన్న బీఎస్సీ గ్రూపు అన్ని కాలేజీల్లో ఉండదు, డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేముందే చూసుకోండి. డిగ్రీతో ఆపొద్దు. ఎమ్మెస్సీ ఉస్మానియాలో చేయొచ్చు, ఐఐటీలో కావాలంటే జామ్ అనే ఎంట్రన్స్ రాయాలి. తర్వాత యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్షతో జియలాజికల్ సర్వే, కేంద్ర భూగర్భజల బోర్డు ఉన్నాయి. రాష్ట్ర గనుల శాఖ, భూగర్భజల శాఖ నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో చెప్పలేం, రెండువైపులా రాయమనండి. నాకైతే తను భూగర్భజలాల వైపు పోతే బాగుండనిపిస్తోంది. యురేనియం వెతికే ఉద్యోగానికి పోవాలా వద్దా అన్నది అప్పుడు తనే తేల్చుకుంటుంది, దానికి ఇప్పటి నుంచే టెన్షన్ వద్దు.

ఈలోపు ఆ కవర్ల మీద తేదీ, బోరు ఎవరి పొలంలో వేశారో కూడా రాయమని చెప్పండి.