బడి పెడుతున్న మేనకోడలికి

అమ్మడూ,

అమలాపురం అవతల హైస్కూలు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెబుతూ సగం మురిసిపోయింది, సగం బెంగపడింది. నా పరిస్థితీ అదే. బిల్డింగు చూశావట, వ్యాను బేరం కూడా అయిపోయిందట. టీచర్లెవరో ఇంకా తేలలేదట. బాగుంది వరస!

కాగితాలు నీకు తెలిసినవే: సొసైటీ రిజిస్ట్రేషన్, బిల్డింగు సౌండ్‌నెస్, ఫైర్ ఎన్ఓసీ, శానిటరీ సర్టిఫికెట్టు, ప్రభుత్వ గుర్తింపు, యూడైస్ కోడు (ప్రతి బడికీ సర్కారు ఇచ్చే నంబరు). గుర్తింపు చేతికి రాకుండా ఒక్క పిల్లనీ చేర్చుకోకు. "పదో తరగతి వేరే బడి పేరు మీద రాయిద్దాం" అనేవాళ్ళు నీ దగ్గరికీ వస్తారు. అప్పుడు ఆ బడివాళ్ళు ఎంతంటే అంత ఇచ్చుకోవాలి, మార్కులేమో వాళ్ళ ఫ్లెక్సీకి ఎక్కుతాయి.

మన వైపు చిన్న బళ్ళు మళ్ళీ మళ్ళీ చేసే తప్పు ఒకటుంది. నువ్వూ అదే చెయ్యబోతున్నావని నా భయం. మొదటి ఏడాదే ఆరు నుంచి పది దాకా అన్ని తరగతులూ తెరిచేస్తారు, సీట్లు నిండాలి కదా అని. ఆలోచించు: తొమ్మిదిలోనో పదిలోనో ఉన్న పిల్లని కొత్త బడికి ఎవరు తెస్తారు? పాత బడిలో ఫీజు బాకీ పడ్డవాళ్ళు, అక్కడ గొడవపడి వచ్చినవాళ్ళు, "మీ వాడు పాసవ్వడు, తీసుకుపొండి" అనిపించుకున్నవాళ్ళు. ఆ పిల్లల్ని నేను తప్పు పట్టడం లేదు, వాళ్ళకీ బడి కావాలి. కానీ పదో తరగతిలో ఎనిమిది మంది చేరి ఇద్దరు ఫెయిలైతే నీ రిజల్టు 75 శాతం. మరుసటి వేసవిలో ఏ గుమ్మం తొక్కినా ముందు వినపడేది ఆ అంకె.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. పదో తరగతికి 600 మార్కులు, ఆరు సబ్జెక్టులు. ఎనిమిది మందే ఉన్నా ప్రతి సబ్జెక్టుకీ గట్టి టీచరు కావాలి, పొద్దుటి మంచి పీరియడ్లన్నీ వాళ్ళకే పోతాయి. ఆరో తరగతికి మిగిలేది మధ్యాహ్నం ఎండలో గైడు చూసి చదివించే ఎవరో ఒకరు. నీ బడి అంటే నిజానికి ఆ ఆరో తరగతే! ఏడాది తిరిగేసరికి వాళ్ళు టీసీలు అడుగుతారు, ఏడు ఖాళీ. ఆ ఖాళీ నింపడానికి కన్సెషన్లు. కన్సెషన్లతో జీతాలు వెనకబడతాయి, జీతం అందక లెక్కల మాస్టారు దసరా సెలవులకి వెళ్ళి మళ్ళీ రాడు.

అందుకని ఆరు, ఏడు మాత్రమే తెరువు. ఒక్కోదానికి 30 మంది చాలు. ఎనిమిది దాకా 35 మందికి ఒక టీచరు ఉండాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఏటా ఒక తరగతి పెంచుకుంటూ పో. నాలుగో ఏడాది పది రాసే మొదటి బ్యాచి నువ్వు పెంచిన పిల్లలే అవుతారు.

లెక్క కూడా చూడు. 60 మంది, తలకి 20 వేలు, మొత్తం 12 లక్షలు. అందులో 85 శాతం వసూలైతే 10.20 లక్షలు. ఐదుగురు టీచర్లకి నెలకి 12 వేల చొప్పున 12 నెలలు 7.20 లక్షలు, అద్దె నెలకి 20 వేలైతే 2.40 లక్షలు. మిగిలేది 60 వేలు, కరెంటూ సుద్దముక్కలూ అందులోనే. ఇరవై మందికి ఐదేసి వేలు తగ్గించావంటే పాతిక వేలు లోటులోకి పోతావు. బీద పిల్లలకి తగ్గించొద్దనను. అలాంటివాళ్ళని నలుగురిని ముందే అనుకుని లెక్కలో రాసుకో, బేరమాడినవాళ్ళకి మాత్రం తగ్గించకు.

ఈ లెక్కలో వ్యాను ఎక్కడుంది? లేదు కదూ. డీజిలు, డ్రైవరు, ఏటేటా ఫిట్‌నెస్... డబ్బు మాట పక్కన పెట్టు. మన రోడ్లు కాలువ గట్లు, ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే చక్రం ఎక్కడికి దిగుతుందో నీకు తెలీదా? పసిపిల్లల్ని ఎక్కించుకుని ఆ గట్టు మీద వ్యాను వెళ్తోందనుకుంటేనే నాకు నిద్ర పట్టదు. సైకిలు దూరం పెట్టుకో, నాలుగు కిలోమీటర్లు. ఆ లోపల ఐదో తరగతి ఉన్న ప్రతి బడీ, ప్రతి ఇల్లూ తెలుసుకో.

పూర్వం గోదావరి మధ్య లంకల పిల్లలు చెప్పులు చేత పట్టుకుని, పడవ దాటి హైస్కూలుకి వచ్చేవారు. రాని పిల్లాడి ఇంటికి సాయంత్రానికల్లా హెడ్మాస్టారి కబురు వెళ్ళేది. అరవై మంది ఉన్న బడి ఆ పని ఇప్పటికీ చెయ్యగలదు. ఆరు వందల మందైతే మెసేజి పెట్టి ఊరుకుంటారు.

ఏప్రిల్లో టీచర్లకి టార్గెట్లు పెట్టి ఇంటింటికీ తోలకు. సంక్రాంతి వెళ్ళాక నువ్వూ, ఆరో తరగతి చెప్పబోయే టీచరూ కలిసి వెళ్ళండి. ఇంట్లో నిర్ణయం ఎవరిదో కనుక్కోండి. తల్లి కువైట్‌లో ఉంటే అమ్మమ్మ మాట సగం, వీడియో కాల్ మాట సగం. అక్కడ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక, సెలవు శుక్రవారం. పేరెంట్స్ మీటింగు శుక్రవారం సాయంత్రం పెడితే తల్లులు కూడా ఫోన్లో కూర్చుంటారు. చేర్చుకోవడానికి పరీక్ష పెట్టకు, చట్టం ఒప్పదు. చేరాక జూన్‌లో ఒక తెలుగు పేరా చదివించి, ఒక భాగహారం చేయించు. తడబడేవాళ్ళకి మొదటి ఆరు వారాలు అవే.

బడికి టెక్నో, ఒలింపియాడ్ అని తోకలు తగిలించకు, అవి సందుకి రెండున్నాయి. నీ ఊళ్ళో ఉన్నది పట్టుకో. శంకరగుప్తం మురుగు డ్రెయిన్లోకి సముద్రపు ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు మొవ్వులు రాల్చుకున్న సంగతి పిల్లలందరికీ తెలుసు. ప్రతి అమావాస్యకీ పున్నమికీ పోటు మీదున్నప్పుడు కాలువ, డ్రెయిను, ఇంటి బోరు నీళ్ళు సీసాల్లో తెప్పించి, నీళ్ళలో కరిగిన ఉప్పులు చూపే టీడీఎస్ మీటరుతో కొలిపించు. డ్రెయిను దగ్గరికి పెద్దవాళ్ళే వెళ్ళాలి, పిల్లలు గట్టు దిగకూడదు! తాగేనీటికి మీటరు అంకె 500 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా. ఆరో తరగతి అంకెలు రాస్తుంది, ఏడు సగటు కడుతుంది, తర్వాత తొమ్మిది వచ్చాక అది గ్రాఫు గీస్తుంది. ఆ చార్టు రోడ్డు వైపు గోడకి పెట్టు. రైతులు ఆగి చదువుతారు, పిల్లని పిలిచి అడుగుతారు. నీ ప్రచారం అదే.

జులై, ఆగస్టుల్లో భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు దాటిందని వినగానే లంక పిల్లల ఇళ్ళకి ఫోన్ చెయ్యి. ధవళేశ్వరంలో పది లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక వచ్చేదాకా ఆగకు, లంకలకి వెళ్ళే కాజ్‌వేలు అంతకుముందే మునుగుతాయి. ఆ వారాల్లో పరీక్షలు పెట్టకు.

వ్యాను అడ్వాన్సు వెనక్కి తీసుకో. ఆ డబ్బు టీచర్ల మే నెల జీతానికి దాచు. అద్దె కాగితం పదకొండు నెలలకి ఒప్పుకోకు, ఐదేళ్ళకి రాయించి రిజిస్టరు చేయించు. సంతకం పెట్టేముందు నాకు వాట్సాప్‌లో పంపు, అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివి వినిపిస్తుంది.

మీ మావయ్య