దుబాయ్‌ల ఏడు గంటలు ఆగేటప్పుడు నిద్ర సంగతి

దేవరకొండ

బిడ్డకు మేనమామ దీవెనలు.

నీ టికెట్ చూసిన. దుబాయ్‌ల ఏడు గంటలు ఆగాలె. ముందురోజు రాత్రే మాల్ ఊరి మీదుగ శంషాబాద్ బయలెల్లుడు, ఇంటిల్లిపాది సాగనంపుడు, సామాన్ల తూకం, ఇమిగ్రేషన్ లైను... విమానం ఎక్కేసరికే ఒక రాత్రి నిద్ర కరాబైనట్టే. షికాగో దాకా ఇంకా పద్నాలుగు, పదిహేను గంటలు కూసోవాలె. అందుకే నిద్ర క్యాబిన్, అంటే ఎయిర్‌పోర్టుల గంటల లెక్కన కిరాయికిచ్చే చిన్న గది, తీసుకో. పైసలు దండుగ అని మీ అమ్మ అంటది, అననీ.

ముందు లెక్క చేసుకో. దిగి మళ్ల సెక్యూరిటీ దాటేసరికి గంట పోతది. ఎమిరేట్స్ వాళ్లు విమానం లేచే 20 నిమిషాల ముందే గేటు మూస్తరు. అమెరికా విమానాలకు గేటు కాడ ఇంకో చెకింగ్ ఉంటది కాబట్టి గంటన్నర ముందే అక్కడ ఉండాలె. మొహం కడుక్కొని, గేటు దాకా నడిచేటందుకు ఇంకో గంట. మిగిలేది మూడున్నర. మూడు గంటల సేపటికే బుక్ చెయ్. నిద్ర తొంభై నిమిషాలకొక చుట్టు తిరుగుతది, రెండు చుట్లు చాలు. గాఢనిద్రల లేపితే కొంతసేపు సోయి ఉండదు, అప్పుడే సామాను మర్చిపోతరు.

టర్మినల్ 3ల ఈ క్యాబిన్లు, పాడ్‌లు కిరాయికిచ్చే స్లీప్ ఎన్ ఫ్లై అని ఉంది. పాడ్ అంటే మూత జరిపే మంచమే, చప్పుడు లోపటికొస్తది. తలుపున్న క్యాబిన్‌కు రేటు ఎక్కువ. ఒంటరి ఆడపిల్లవు, తలుపున్నదే తీసుకో, పైసలు నేనిస్త. నీ తర్వాతి గేటు ఏ కాంకోర్స్‌ల (గేట్లుండే భవనంల) ఉందో అక్కడి క్యాబిన్ అడుగు. ఏ, బీ నడుమ రైలెక్కాల్సి వస్తది.

ముందే బుక్ చేస్తే, విమానం లేటైనప్పుడు నీ గంటలు కరిగిపోతయి. క్యాన్సిల్ చేస్తే పైసలు వాపసు రాకుంటే దిగినంక కౌంటర్ల తీసుకునుడే నయం. కార్డుకు విదేశాల వాడకం బంద్ ఉంటది, ఇంట్లనే బ్యాంకు యాప్‌ల ఆన్ చేసుకో. అక్కడికి పోయినంక ఓటీపీ మన సిమ్‌కు రాకుంటే కౌంటర్ ముందట నిలబడి ఏం చేస్తవ్?

ఇక అసలు దెబ్బ అలారం కాడ. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక. ఇండియా టైము మీద పెట్టిన అలారం, ఫోనుకు నెట్ తగిలి గడియారం మారిందంటే, గంటన్నర ఆలస్యంగ మోగుతది. అలారం వద్దు, టైమర్ పెట్టు. మూడు గంటలంటే ఏ దేశంల ఐనా మూడు గంటలే. కౌంటర్ల కూడ ఇన్నింటికి లేపుమని చెప్పు. బోర్డింగ్ పిలుపు లోపటికి ఇనబడదు.

ఫోను చార్జింగ్ పెట్టే పడుకో. అక్కడి ప్లగ్గుకు మూడు చదును పిన్నులుంటయి, మన గుండ్రటి పిన్ను దూరదు, అడాప్టర్ ఇక్కడనే కొనుక్కో. 2025 అక్టోబర్ 1 నుంచి ఎమిరేట్స్ విమానంల పవర్ బ్యాంకు వాడనియ్యరు, నిండ చార్జ్ చేసుకునుడు అక్కడనే కావాలె.

పాస్‌పోర్ట్, బోర్డింగ్ పాస్ దిండు కింద పెట్టకు. జిప్పున్న సంచిల మెడకేసుకో. ప్లగ్గుకున్న అడాప్టర్ మర్చిపోయేటట్టుంటే, యాదికొచ్చేటందుకు దాని ఖాళీ డబ్బాను కళ్లద్దాలతోటి బూట్ల పెట్టు. బూట్లు తొడగకుంట బయటికి పోవు కదా.

బాత్రూం లోపట ఉండదు, పోయొచ్చి పడుకో. ఏసీ గట్టిగ ఉంటది, చేతిసంచిల శాలువా, సాక్సులు పెట్టుకో. మామిడికాయ తొక్కు చేతిసంచిల వద్దు. 100 మిల్లీలీటర్లు దాటిన డబ్బాను సెక్యూరిటీల ఆపుతరు. సకినాలు తీసుకపో, గానీ లోపట నమలకు, పక్కోళ్లు లేస్తరు.

పడుకునే ముందు చాయ్, కాఫీ తాగకు. వాటిల నిద్ర చెడగొట్టే కెఫీన్ సగం ఐదు గంటలైనా ఒంట్లనే ఉంటది. నిద్ర పట్టకుంటే ఫోను చూడకు, కండ్లు మూసుకొని ఉండు, అదీ పనికొస్తది.

టికెట్ మారి ఇస్తాంబుల్ దారి పడితే, అక్కడి ఎయిర్‌పోర్టుల యోటెల్ అనే హోటల్ రెండు దిక్కుల ఉందని యాదుంచుకో. ఇమిగ్రేషన్ అవతలిది బుక్ చేస్తే వీసా అడుగుతరు. లోపటిదే, యోటెల్‌ఎయిర్ అన్నది, చూసుకో.

లేవంగనే ముందు బోర్డు చూడు, గేట్లు మారుతుంటయి. చాయ్ గేటు కాడికి పోయినంక తాగు.

మీ మామ