పిల్లల కీళ్ల జబ్బులు చదివితే పేషెంట్లు వస్తారా?

ప్రశ్న: మా అమ్మాయి ఎండీ పీడియాట్రిక్స్ రెండో సంవత్సరం. తర్వాత నియోనేటాలజీ (పసికందుల వైద్యం) చేయమంటే పిల్లల రుమటాలజీ (కీళ్ల జబ్బుల వైద్యం) అంటోంది. ఆ పేరే మా ఊళ్లో ఎవరూ వినలేదు. సంబంధాలు చూస్తున్నాం, వాళ్లకు ఏం చెప్పాలో తెలియడం లేదు. రెండింటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, నాకు వచ్చే ప్రశ్న మాత్రం ఇదే. ఇంత చదివించాక పిల్ల ఖాళీగా కూర్చోదు కదా అని. కూర్చోదండీ, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. సూపర్ స్పెషాలిటీ చేసినా చేయకపోయినా ఆమె పిల్లల డాక్టరే. జ్వరాలు, దగ్గులు, టీకాలు చాలు ఓపీ నిండటానికి.

పేరు వినలేదు సరే, జబ్బు మీ ఊళ్లోనూ ఉంది. నాలుగేళ్ల పిల్ల పొద్దున లేవగానే కుంటుతుంది, పది గంటలకల్లా మామూలుగా నడుస్తుంది. డాక్టర్ దగ్గరికి తెచ్చేసరికి ఏమీ కనిపించదు. 'ఎదిగే వయసు నొప్పులు' అని కాల్షియం సిరప్ రాస్తారు. మోకాలు వాచాక ఏఎస్ఓ అనే రక్తపరీక్ష చేయిస్తారు. కాస్త ఎక్కువొస్తే రుమాటిక్ ఫీవర్ (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత కీళ్లనీ గుండెనీ పట్టే జబ్బు) అని మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ మొదలు. ఏఎస్ఓ పెరిగిందంటే ఆ మధ్య స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ వచ్చిందని మాత్రమే. రుమాటిక్ ఫీవర్ వాపు సాధారణంగా ఒక కీలు వదిలి ఇంకో కీలుకు పోతుంది. అదే కీలులో ఆరు వారాలు తిష్ట వేస్తే జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్‌ని, అంటే పిల్లల్లో కారణం తెలియకుండా వచ్చే దీర్ఘకాలపు కీళ్లవాపుని, అనుమానించాలి. ఇందులో కొందరు పిల్లలకు కంటి లోపల వాపు వస్తుంది. కన్ను ఎర్రబడదు, నొప్పి పెట్టదు. కంటి డాక్టర్ల దగ్గరుండే స్లిట్ ల్యాంప్ అనే మైక్రోస్కోప్‌తో చూస్తే తప్ప దొరకదు. చూడకపోతే చూపే పోవచ్చు.

దీన్ని అనుమానించడానికి ఖరీదైన మెషీన్లు అక్కర్లేదు. బ్రిటన్‌లో తయారైన పీగాల్స్ అనే పరీక్ష రెండు నిమిషాల పని. మునివేళ్ల మీద, మడమల మీద నడిపించడం, చేతులు పైకెత్తించడం, పిల్లల సొంత మూడు వేళ్లు పట్టేంత నోరు తెరవమనడం, ఇలాంటివే. డాక్టర్ చేసి చూపిస్తే పిల్లలు నవ్వుతూ చేసేస్తారు. మన పీజీ చదువుల్లో గుండెకి, పొట్టకి ఉన్న శ్రద్ధ కీళ్లకి లేదు. మీ అమ్మాయికి ఆ శ్రద్ధ రెండో ఏడాదిలోనే కలిగిందంటే నాకైతే ముచ్చటగా ఉంది.

నియోనేటాలజీ గొప్ప విద్యే, కాదనను. కానీ మీరు చూస్తున్నది ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) బోర్డును. సొంతంగా పెట్టాలంటే వెంటిలేటర్లు, రాత్రీ పగలూ నర్సులు, దానికి తగ్గ అప్పు. ఉద్యోగమంటే అర్ధరాత్రి ఫోన్లు, కొన్నిచోట్ల బెడ్లు నిండాయా లేదా అన్న లెక్కలు. అందరూ అటే పరుగెడుతున్నప్పుడు ఈ డిమాండ్ పదేళ్ల తర్వాతా ఇలాగే ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. ఇష్టం లేకుండా అందులో దిగిన మనిషి ఎన్నాళ్లు నిలబడుతుంది?

కటువుగా అంటున్నానని అనుకోకండి, మీ ఉత్తరంలో సంబంధాల ప్రస్తావన ఉంది గానీ ఆమెకి ఈ సబ్జెక్టు ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు. అసలు అడిగారా?

ఇబ్బందులూ ఉన్నాయి. సీట్లు చాలా తక్కువ. చండీగఢ్‌లోని పీజీఐ అనే కేంద్ర వైద్య సంస్థలో పిల్లల ఇమ్యునాలజీ (రోగనిరోధక శక్తి), రుమటాలజీ కలిపి మూడేళ్ల డీఎం (సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) ఉంది, దానికి ఐఎన్ఐ-ఎస్ఎస్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఒక్క కీళ్ల జబ్బుల మీదే ఖమ్మంలో క్లినిక్ నడవదు. మామూలు పిల్లల ప్రాక్టీసు చేస్తూ వారానికో రోజు కీళ్ల ఓపీ పెట్టుకోవచ్చు, లేదా హైదరాబాద్‌లో ఉండాలి.

తొందరపడి ఏదీ తేల్చకండి. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. గైడ్‌తో ఉత్తరం రాయించుకుని, అక్కడో మరో పెద్దాసుపత్రిలోనో కొన్నాళ్లు ఓపీలో కూర్చునే వీలుందేమో కనుక్కోమనండి. చూసొచ్చాక కూడా ఇదే అంటే పరీక్ష ఫీజు కట్టండి. ఈలోపు సంబంధాల వాళ్లు అడిగితే 'పిల్లల డాక్టర్' అని చెప్పండి, అబద్ధమేం కాదు కదా.