కుంచె పట్టే చేయి వణుకుతోంది, మాత్రలు ఆపవచ్చా?

ప్రశ్న: నేను చిత్రకారుణ్ని. బైపోలార్ డిజార్డర్ (మనసు మితిమీరిన ఉత్సాహానికీ, తీవ్రమైన దిగులుకూ మధ్య ఊగే జబ్బు) అని తేలాక కొన్ని నెలలుగా లిథియం వాడుతున్నాను. మనసు కుదుటపడింది కానీ, ఫిషింగ్ హార్బర్ పడవల మోకుల వంటి సన్నని గీతలు వేసేటప్పుడు చేయి వణుకుతోంది. రాత్రంతా మేలుకొని బొమ్మలు వేసిన వెనకటి ఉత్సాహమూ లేదు. రాబోయే ప్రదర్శన ముగిసేదాకా మాత్రలు ఆపవచ్చా? ఇంట్లోవాళ్లు బొమ్మలే మానెయ్యమంటున్నారు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మాత్రలు ఆపవద్దు, బొమ్మలూ మానవద్దు. లిథియంను ఉన్నట్టుండి ఆపితే మేనియా, అంటే ఉత్సాహం అదుపు తప్పే దశ, తిరగబెట్టే ప్రమాదమే కాక, ఆత్మహత్య ముప్పు కూడా పెరుగుతుంది. ప్రదర్శన ముందు రోజుల్లో ఆ పని చేయడం మరీ ప్రమాదం.

మీ చేతి వణుకును మాత్రం నేను చిన్న విషయంగా చూడను. గుమాస్తాకు ఇబ్బందిగా అనిపించని వణుకు చిత్రకారుడి జీవనాధారాన్నే దెబ్బతీస్తుంది కనుక, ఆ మాట వైద్యుడికి స్పష్టంగా చెప్పాలి. ఒక తెల్లకాగితంపై మధ్య నుంచి బయటికి చుట్లు చుట్టుకుంటూ గీసి, తేదీ, మాత్ర వేసుకున్న సమయం రాసి తీసుకెళ్లండి. లిథియం వాడేవారిలో సన్నని వణుకు తరచుగా కనిపించేదే. రక్తంలో లిథియం ఎంత ఉందో చూసి మోతాదు తగ్గించడమో, ఆస్తమా వంటి అడ్డంకులు లేకపోతే వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ మాత్ర ఇవ్వడమో వైద్యుడు నిర్ణయిస్తారు. ఆ పరీక్షకు రక్తం చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే ఉదయం 9కి రక్తం ఇచ్చాకే తరువాతి మాత్ర. నిలకడగా వాడేవారికి సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండేలా చూస్తారు. థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలూ క్రమం తప్పకూడదు.

విశాఖ ఉక్కలో, మిట్టమధ్యాహ్నం తీరాన కూర్చొని బొమ్మలు వేసేవారికి ఇంకో జాగ్రత్త అవసరం. చెమటతో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. భుజం నొప్పికని మీరే కొనుక్కునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా దాన్ని పెంచుతాయి. సన్నని వణుకు కాస్తా పెద్ద వణుకుగా మారి, వాంతులు, విరేచనాలు, మాట తడబాటు, నడకలో తూలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఉత్సాహం సంగతి. లిథియం వాడుతున్న 24 మంది కళాకారులను, రచయితలను మోగెన్స్ షౌ అనే డెన్మార్క్ వైద్యుడు విచారించి 1979లో ప్రచురించిన పరిశీలనలో, 12 మంది తమ సృజన పెరిగిందన్నారు, ఆరుగురు మార్పు లేదన్నారు, ఆరుగురు తగ్గిందన్నారు. ఆ చివరి ఆరుగురి మాటా నిజమే కావచ్చు. అందుకే మందు మార్పు గురించి అడిగే హక్కు మీకుంది. అయితే నిద్ర తగ్గినా అలసట తెలియకపోవడం చాలామందిలో మేనియాకు తొలి సూచన. ప్రదర్శన పనిని పగటికి మార్చుకోండి. వరుసగా రెండు రాత్రులు నిద్ర తగ్గితే వైద్యుడికి ఫోన్ చేసే బాధ్యతను ఇంట్లో ఒకరికి అప్పగించండి. బొమ్మలు మానెయ్యమనడం కంటే వారు చేయగల మేలు అదే. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మీ ఊళ్లోనే ఉంది. మాత్రలు పారేయాలనిపించినా, బతుకు మీద విరక్తి కలిగినా, ఏ వేళనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.